మణికట్టునకు పట్టీ

బంతి వేయునపుడు మణికట్టునకు పట్టీ కట్టుకొనవచ్చునా యని మన క్రికెట్టు బాలురు తఱచుగా నడుగుచున్నారు. నొప్పి లేనిచో వలదనియే నా యభిప్రాయము. లెగ్ స్పిన్ బంతిని త్రిప్పుటలో ముఖ్యమైన పని మణికట్టుదే. దానిని బిగించినచో త్రిప్పు తగ్గును. శ్రీ బి. ఎస్. చంద్రశేఖరుగారి కుడిచేయి బాల్యమున పోలియోవలన సన్నగిల్లెను. ఆ చేతి మణికట్టు విసురుతోడనే ఆయన టెస్టులలో 242 వికెట్లు గడించిరి. 1971లో ఓవల్ మైదానమున 38 పరుగులకే ఆఱుగురు ఇంగ్లండు ఆటగాండ్రను పడగొట్టిరి.

ఇక నొప్పి యున్నచో? పట్టీ యనునది గాయము మానుటకు వైద్యుడు కట్టునది. జట్టులో చోటు పోవునను భయమున నొప్పిని దాచుటకు గాదు. ఆటాడు చేయియే వ్రాయు చేయి యని మఱవకుడు. బాలురారా, నొప్పిని దాచక చెప్పుడు. నిజము చెప్పినవానికి, చేయి బాగుపడిన పిదప, మరల తన చోటు దొరకునట్లు చూచుట ఉపాధ్యాయులమైన మా విధి.