పబ్బు తెరిస్తే సరిపోదు, బస్సూ నడపాలి

మా జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో ఒకప్పుడు బండరాళ్లు, బంగళాలు. ఇప్పుడు మెట్రో పిల్లర్లు, పబ్బులు. పిల్లల సరదాకు నేను అడ్డం కాదు, మా మనవరాలూ వెళ్తుంది. కానీ నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధన. దాన్ని పట్టించుకునేవారు లేక 2022లో హైకోర్టే కలగజేసుకోవాల్సి వచ్చింది.

మోత ఒక్కటేనా? పబ్బులు కట్టేసే వేళకు మెట్రో ఉండదు. తాగినవాడు స్టీరింగు పడతాడు. డ్యూటీ దిగిన వంటమనిషి, సర్వర్ అమ్మాయి ఆటో కోసం చీకట్లో నిలబడతారు. అర్ధరాత్రి వ్యాపారానికి లైసెన్సు ఇచ్చే సర్కారు అర్ధరాత్రి బస్సు, వీధిదీపం, నడవగలిగే ఫుట్‌పాత్ కూడా ఇవ్వాలి. పార్కింగ్ లేని పబ్బుకు రెన్యువల్ ఆపాలి.