శోధన దినాల్లో నిరీక్షణ: ప్రార్థన, మందు రెండూ



వార్డుల్లో గాని, గృహ ప్రార్థనల్లో గాని ఒక మాట మాకు తరచుగా వినబడుతూ ఉంటుంది. "మా విశ్వాసంలోనే ఏదో లోపముంది, అందుకే ఈ రోగం తగ్గడం లేదు" అంటారు. అనేవారు ఎవరు? జీడిమెట్లలో కంపెనీకి షిఫ్టుకు పోయే తండ్రి, సూరారంలో ఒక్క గది అద్దెకు తీసుకొని నలుగురి ఇళ్లల్లో పని చేసే తల్లి. కాంట్రాక్టు పని కాబట్టి వారం రోజులు మానితే జీతం లేదు, అద్దె తప్పుతుంది. అప్పటికే ఇంత బరువు మోస్తున్న మనిషి మీద ఈ నింద కూడా పడుతుంది. ఈ మాట వారికి వారుగా కల్పించుకున్నది కాదు. పరామర్శకు వచ్చినవారు, మంచి మనసుతోనే, "ఇంకా గట్టిగా నమ్ము తల్లీ, స్వస్థత దొరుకుతుంది" అని చెప్పి వెళ్తారు. దొరకనప్పుడు రోగికి మిగిలేది ఏమిటి? నా నమ్మకమే చాలలేదన్న కుములుబాటు.

రోగి మంచం దగ్గర ఆ మాట అనకూడదని మా గట్టి అభిప్రాయం. అది వాక్యానుసారమైన మాట కూడా కాదు. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని ప్రభువే చెప్పాడు (యోహాను 9వ అధ్యాయం). పౌలు తన శరీరంలోని ముల్లు తొలగిపోవాలని ముమ్మారు వేడుకున్నాడు, అది తొలగలేదు. పౌలుకు విశ్వాసం తక్కువని అనే ధైర్యం మనలో ఎవరికుంది? హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉంటే, దేవుడు అతని ప్రార్థన విన్నాడు. అదే సమయంలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన జరిగింది, మందూ జరిగింది. ఒకటి చేస్తే రెండోది అవిశ్వాసమని అక్కడ ఎవరూ అనుకోలేదు.

మరి క్రైస్తవ నిరీక్షణ అంటే ఏమిటి? అది చూడడానికి మనం దూరం పోనక్కరలేదు. మన కుత్బుల్లాపూర్ ప్రాంతం మీదుగా రెండు రోడ్లు ఉత్తరానికి పోతున్నాయి. రెండింటిలోను మన తాతల నాటి సాక్ష్యం ఉంది.

షాపూర్‌నగర్, సూరారం, గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ దాటి పోతే మెదక్ వస్తుంది. అక్కడి పెద్ద చర్చి చూడని కుటుంబం మన సంఘాల్లో అరుదు. క్రిస్మస్‌కు పిల్లలను తీసుకొని పోతాం, ఫోటోలు దిగుతాం. ఆ గుడి ఎటువంటి రోజుల్లో కట్టారో మాత్రం పిల్లలకు చెప్పం. 1914లో పని మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం, దానికి తోడు కరువు. పల్లెల్లో తిండి గింజలు లేవు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆకలితో వచ్చిన వారికి ఊరికే గంజి పోసి పంపించకుండా పని కల్పించాడు, పనికి బదులుగా కడుపు నిండే ఏర్పాటు చేశాడు. అలా పదేళ్లు సాగిన పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. ఆ రాళ్లు మోసినవారికి నిరీక్షణ అంటే ఆదివారం విన్న ప్రసంగం ఒక్కటే కాదు, ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగడం కూడా.

రెండోది మన సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ మీదుగా నిజామాబాదు పోయే జాతీయ రహదారి. నిజామాబాదు ఇంకా కొంత దూరముండగా డిచ్‌పల్లి తగులుతుంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠు రోగులకు ఆస్పత్రి నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత దానికి ఉదారంగా సాయం చేశారు. దయ ఏ ఒక్క మతం సొత్తూ కాదని దీన్ని బట్టి మనం ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చిందంటే ఇంటివారే వాకిలి మూసేవారు. నయం చేసే మందు లేదు. చాల్‌మూగ్రా నూనెను సూదితో ఎక్కించేవారు, అది ఎంతో నొప్పి, ఫలితం కొందరికే. మూడు రకాల మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. అంటే పూర్తిగా నయమవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేని రోజుల్లోనే ఆ డాక్టరమ్మ పుండ్లు కడిగింది, కట్లు కట్టింది. నయం చేయగలిగితేనే దగ్గరికి వస్తానని షరతు పెట్టలేదు. నేడు అదే జబ్బు ఆరు నెలల నుండి ఏడాది మందులతో నయమవుతుంది, మందులు ఉచితం. అయినా తిమ్మిరి మచ్చను దాచుకొని, చేతి వేళ్లు వంకర పోయాక వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇది బాధాకరం.

ఇక మందు మానడం గురించి. స్వస్థత కూటానికి వెళ్లి వచ్చి ఇన్సులిన్ ఆపేవారున్నారు. టీబీ మాత్రలు రెండు నెలలు మింగగానే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, "ప్రభువు బాగుచేశాడు" అని మిగతావి పక్కన పెట్టేవారున్నారు. ప్రభువు బాగుచేస్తున్నాడు, కాదనం. కాని టీబీ క్రిములన్నీ అప్పటికి చావవు. సాధారణ టీబీకి ఆరు నెలలు పూర్తిగా వాడాలి. మధ్యలో మానితే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి, అదే గదిలో పడుకునే పిల్లలకు కూడా అంటుకుంటాయి. సాక్ష్యం చెప్పండి, సంతోషం. చెప్పి ఇంటికి పోయి ఆ పూట మాత్ర వేసుకోండి. ఈ విషయంలో పాస్టరు గారి మాట డాక్టరు మాట కంటే బాగా పనిచేస్తుంది, కనుక పాస్టర్లు ఇది వేదిక మీద నుండే చెప్పాలని మా మనవి.

మనసు కృంగిన వారి గురించి కూడా సంఘాల్లో కొంచెం భయంగా మాట్లాడుతారు, లేదా అసలు మాట్లాడరు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు క్రింద కూర్చొని చచ్చిపోతే బాగుండునని అడిగాడు. అంతకు ముందే కర్మెలు కొండ మీద అగ్నిని దింపిన మనిషి! దేవుడు అతన్ని కోప్పడలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి, కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినిపించాడు. మాటలు ఆ తర్వాతే. చావు గురించి మాట్లాడే మనిషి మీ ఇంట్లో ఉంటే ముందు తిండి, నిద్ర చూడండి, ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నెంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఇదే మేడ్చల్ రోడ్డు మీద వలస కూలీలు సంసారం నెత్తిన పెట్టుకొని ఉత్తరాదికి నడిచి పోయారు. దారి పొడుగునా అన్నం పొట్లాలు, నీళ్లు, చెప్పులు పట్టుకొని నిలబడినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఎవరి విశ్వాసం ఎంత అని ఆ రోజు ఎవరూ ఎవరినీ అడగలేదు. మంచాన పడిన మన విశ్వాసి దగ్గరికి వెళ్లినప్పుడు కూడా అలాగే వెళ్లాలి.

వెళ్లేటప్పుడు ఏం తీసుకొని పోవాలని అడిగితే, పండ్లు మంచివే. వాటికంటే ఎక్కువ అక్కర ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఓపీ లైనులో ఒక పూట నిలబడే మనిషి. బడి నుండి పిల్లలను తెచ్చి సాయంత్రం వరకు చూసుకొనే పొరుగింటి అక్క. ఆరోగ్యశ్రీ కాగితాలు నింపిపెట్టే చదువుకున్న కుర్రాడు. దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగిందని చాలామందికి నేటికీ తెలియదు. టీబీ రోగికి పోషకాహారానికని కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తోంది. ఖాతా లేకనో, ఆధార్ కలవకనో అది అందని కుటుంబాలు ఉండవచ్చు. మీ వీధిలో అటువంటివారుంటే బ్యాంకు దాకా వెంట వెళ్లండి. రెండు వారాలకు మించి దగ్గుతున్నవారు కనబడితే, ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆగక, సోమవారం దాకా ఆగక, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా తెమడ పరీక్షకు తీసుకొని రండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.