అక్క పేరు వంశవృక్షంలో ఉంటుంది

మొన్న పెద్దనాయన తద్దినం రోజు భోజనాలయి, ఆకులు ఎత్తినాక, మా చిన్నాయన ఒక కాగితం తీసి అక్క ముందర పెట్టినారు. స్టాంపు పేపరు మీద కన్నడంలో టైపు చేయించిన హక్కు విడుదల పత్రం. తుంగభద్ర కాలువ కింద మా తాత సంపాదించిపెట్టిన పొలంలో పెద్దనాయన వంతు అక్కకి వద్దని, ఆమే సంతోషంగా వదులుకుంటున్నదని రాసి ఉండాది. అక్క కన్నడ మీడియంలో చదివిన మనిషి. ఎవరి సాయమూ లేకుండా చివరిదాకా చదివి, మడిచి, మళ్లీ చిన్నాయన చేతికే ఇచ్చింది. ఒక్క మాట అనలేదు.

ఆమె అనకపోయినా మేము అంటాము. ఆ రోజు పెద్దల ముందర నోరెత్తని తమ్ముళ్లూ చెల్లెళ్లం అందరం కలిసి రాస్తున్నది ఇది.

చిన్నాయన చెప్పిన కారణం ఇది. అక్క ఐర్లాండ్ అబ్బాయిని చేసుకుంది, ఆ పెళ్లితో అక్కడి పౌరసత్వం పుచ్చుకుంది, కాబట్టి ఇక ఈ ఇంటి మనిషి కాదు, పరదేశి. పరదేశికి పొలం రాదు. పక్కనుంచి ఇంకెవరో "పాస్‌పోర్టు కోసం చేసుకున్న పెళ్లే కదా" అని గొణిగినారు. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఎవరైనా గట్టిగా చెప్పేకొద్దీ రూలు తీసి చూడటమే మా బతుకుతెరువు. చూసినాము.

ఐర్లాండ్‌లో పెళ్లితో పౌరసత్వం దాదాపు అడిగితే వచ్చే కాలం ఒకటి ఉండేది, నిజమే. 1956 చట్టం ప్రకారం ఐరిష్ మగవాణ్ణి చేసుకున్న పరాయి దేశపు ఆడమనిషి ఒక ప్రకటన ఇస్తే చాలు. ఐరిష్ ఆడపిల్లను చేసుకున్న మగవాడికి ఆ సౌకర్యం లేదు. 1986లో చట్టం మార్చి ఇద్దరికీ ఒకటే అన్నారు, పెళ్లయి మూడేళ్లు కావాలన్నారు. ఆ ప్రకటన పద్ధతిని 2002 నవంబరు 30 నుంచి ఎత్తేసినారు. అప్పటికే పెళ్లయినవాళ్లకి మూడేళ్లు గడువిచ్చినారు, అదీ 2005తో ముగిసింది. మన పెళ్లిళ్లలో చెప్పుకునే కథ ఆ పాత కాలానిది.

ఇప్పుడున్నది వేరే. పెళ్లయి మూడేళ్లు నిండాలి. ఒకే కప్పు కింద కాపురం ఉండాలి, దానికి కాగితాల ఋజువులు చూపాలి. అర్జీకి ముందు ఏడాది ఎడతెగకుండా అక్కడే ఉండాలి, దానికి ముందు నాలుగేళ్లలో మొత్తం రెండేళ్లు ఉండాలి. మంచి నడవడి చూస్తారు. ఇవన్నీ ఉన్నా ఇవ్వడం ఇవ్వకపోవడం న్యాయశాఖ మంత్రి ఇష్టం. అక్క అర్జీకి 175 యూరోలు కట్టింది, మంజూరైనాక ఇంకో 950.

పెళ్లి లేకుండా ఉద్యోగం మీద ఉన్నవాళ్లకయితే మొత్తం ఐదేళ్లు. అక్క 2018 జూన్‌లో తన చదువుతో, తన వర్క్ పర్మిట్‌తో పోయింది. 2020 జనవరిలో పెళ్లి. దానికీ మూడు నెలల ముందు రిజిస్ట్రారుకి నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. పెళ్లి లెక్కన మూడేళ్లు నిండింది 2023 జనవరి. ఒంటరిగా ఉండుంటే 2023 జూన్. తేడా ఐదు నెలలు! ఆ ఐదు నెలల కోసం మా అక్క జీవితాంతం కాపురానికి ఒప్పుకుందని నమ్మేవాళ్లు ఉంటే వాళ్లతో మాకు వాదన లేదు.

ఆ ఎడతెగని ఏడాది గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని మీద వచ్చిన నింద ఇప్పటికీ ఆరలేదు. అర్జీకి ముందు ఏడాది అంటే అక్కకి అది 2022. ఆ మే నెలలో పెద్దనాయన ఆసుపత్రిలో ఉంటే వచ్చి నాలుగు వారాలు ఉండింది. రాత్రుళ్లు ఆ ఇనప కుర్చీలో ఆమే. సెప్టెంబరులో ఆయన పోయినారు. మళ్లీ వచ్చి పది రోజులుండి వెళ్లిపోయింది. "కన్నతండ్రి పెద్దకర్మకి కూడా ఆగలేకపోయింది, అంత పని ఏముందో" అని ఊరంతా అన్నారు. అప్పట్లో ఆ ఏడాదిలో బయట ఉండటానికి సామాన్యంగా ఆరు వారాలే ఒప్పుకునేవాళ్లు. 2019లో అక్కడి హైకోర్టు ఒక్క రోజు బయటికి పోయినా ఎడతెగినట్టేనని తీర్పిచ్చి జనాన్ని హడలగొట్టింది, కొన్ని నెలలకి పైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ భయం మాత్రం పోలేదు. అక్క క్యాలెండరు మీద రోజులు గీసుకుంటూ ఏడ్చింది మేము చూసినాము. 2023లో చట్టం మార్చి 70 రోజులు చేసినారు. మా ఇంటికి అది ఆలస్యంగా వచ్చింది.

దేశం వదిలేసింది అంటాండారు. వదులుకోమని ఐర్లాండ్ అడగలేదు, వాళ్లు రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది మనం. మన రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం రెండూ అదే చెప్తాయి: ఇష్టపడి ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే మనది దానంతటదే పోతుంది. అక్క పాస్‌పోర్టు సరెండర్ చేసింది, ఓసీఐ కార్డు తీసుకుంది. ఓటు పోయింది. కొత్తగా వ్యవసాయ భూమి కొనలేదు. చిన్నాయన ఎక్కడో విన్నది ఈ చివరి ముక్కే.

కొనడం వేరు, వారసత్వం వేరు. ఇక్కడ కాపురమున్న తండ్రి నుంచి వారసత్వంగా వచ్చే పొలాన్ని ఓసీఐ ఉన్న కూతురు తీసుకోవచ్చు, ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే ఇక్కడే ఉండే భారత పౌరుడికి అమ్మాలి, అంతే కట్టుబాటు. ఆడపిల్లకి పిత్రార్జితంలో వాటా కర్ణాటకలో 1994లోనే వచ్చింది, దేశమంతా 2005లో. తండ్రి బతికున్నాడా లేదా అని చూడనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వం మారితే ఆ వాటా చచ్చిపోతుందని ఏ చట్టంలోనూ లేదు.

ఇంకొకటి అడుగుతాము, చిన్నాయనా, కోపగించుకోవద్దు. మీ పెద్దబ్బాయి, మా అన్న, అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజు మీరే కదా వీధి వీధంతా మైసూరుపాకు పంచింది? ఆయన దగ్గరున్నదీ ఓసీఐ కార్డే. ఆయన ముందర ఏ స్టాంపు పేపరూ ఎవరూ పెట్టలేదు. పెట్టమనీ మేము అడగడం లేదు. ఆయన వాటా ఆయనది. మరి అదే కార్డు అక్క చేతికొస్తే పరదేశి ఎట్లయింది?

కాగితం మారితే మనిషి మారిపోతారనే మాట బళ్లారి తెలుగువాళ్ల నోట రావడమే మాకు వింత. మా జేజి పుట్టిల్లు రాయదుర్గం. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను విడగొట్టి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకిచ్చినారు, మా ఊరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. తెల్లారేసరికి పుట్టిల్లొక రాష్ట్రం, మెట్టినిల్లొక రాష్ట్రం. నువ్వు ఇక మా మనిషివి కాదని జేజితో అటువాళ్లూ అనలేదు, ఇటువాళ్లూ అనలేదు. ఉగాదికి రెండు వైపుల నుంచీ చీరలు వచ్చేవి. (ఐర్లాండ్‌లోనూ ఒక గీత ఉంది. ఆలుమగల నివాసం లెక్క కట్టేటప్పుడు గీతకు అవతల, ఉత్తర ఐర్లాండ్‌లో ఉన్న రోజులనీ కలుపుకుంటారు. ఈ సంగతి చదివినప్పుడు మాకు జేజే గుర్తొచ్చింది.)

మనం బడిలో కన్నడం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, రేషన్ కార్డు మీద కర్ణాటక అని ఉన్నా తెలుగువాళ్లమే అని మూడు తరాలుగా చెప్పుకుంటున్నాము. అక్క కార్క్‌లో తన బిడ్డకి తెలుగులోనే జోల పాడతుంది. ఆ అల్లుడు పోయినసారి వచ్చినప్పుడు జొన్నరొట్టె తుంచుకుని గుత్తి వంకాయతో తిన్నాడు, "చాలు" అనడం మాత్రం నేర్చుకోలేదు పాపం.

నాడకచేరిలో వంశవృక్షం కోసం ఇవ్వాల్సిన అర్జీ మేమే నింపినాము. పెద్దనాయన పేరు కింద అక్క పేరు, పక్కన కార్క్ చిరునామా రాసినాము. మేమందరం సంతకాలు పెట్టినాము. చిన్నాయన సంతకానికి పైన, పెద్దవాళ్ల వరసలో, చోటు వదిలినాము.