ఆ పుస్తకం పేరేమిటి చెప్మా?

హైదరాబాదులో ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుని కూర్చునేవాళ్లకు రకరకాల ప్రశ్నలు ఎదురవుతుంటాయి. "ఆడవాళ్ల టోపీ కొనుక్కుని ఓడెక్కుతాడండీ ఒకాయన, ఆ పుస్తకం ఉందా?" ఇది తేలిక ప్రశ్న. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన 'బారిస్టర్ పార్వతీశం' అని పక్కన పుస్తకాలు తిరగేస్తున్నవాళ్లే చెప్పేస్తారు. మొగల్తూరు కుర్రాడు మద్రాసు మీదుగా సీమకు వెళ్లిన ఆ కథ మొదటి భాగం 1924లో వచ్చింది. నూరేళ్లు దాటినా ఇప్పటికీ కొత్త ప్రతి దొరుకుతుంది. "సూదులు తెమ్మంటే తాటిమొద్దుకు గుచ్చి మోసుకొచ్చిన శిష్యులు" అన్నా చిక్కు లేదు. పరమానందయ్యను ఎరగని తెలుగువాడు అరుదు.

చిక్కంతా మూడో రకం ప్రశ్నతోనే. "నీలం అట్ట అనుకుంటా. ఒక మాస్టారుంటాడు. ఆయన గొడుగు పోతుంది. ఇంటిల్లిపాదీ చదువుకుని పడీపడీ నవ్వాం." పేరు గుర్తులేదు, రాసినవారెవరో తెలియదు. ఈ రకం పాఠకుడికి పాత పుస్తకాలవాడి దగ్గర జవాబు దొరకకపోవడంలో వింత లేదు. గ్రంథాలయంలో కూడా దొరకకపోవడమే ఆలోచించవలసిన సంగతి. అతని మతిమరుపును తప్పు పట్టి లాభం లేదు. పుస్తకాన్ని నమోదు చేసుకునే పద్ధతిలోనే లోపముంది.

అసలు ఇలాంటి పుస్తకాలను చిన్నప్పుడు చదివినవాళ్లకు పేరు గుర్తుండే అవకాశమే తక్కువ. టీవీ రాకముందు తెలుగిళ్లలో హాస్యం ఎక్కువగా వారపత్రికల్లోంచే వచ్చింది. సీరియల్ పేజీలను వారం వారం చింపి దాచి, అన్నీ అయ్యాక దారంతో కుట్టి, అట్ట వేయించి అల్మరాలో పెట్టడం ఎన్నో ఇళ్లలో ఉన్న అలవాటు. ఆ బైండు పుస్తకానికి ముఖచిత్రం ఉండదు, ముందుమాట ఉండదు, అచ్చయిన ఏడాది ఉండదు. అద్దె పుస్తకాల షాపుల్లోనూ ఇదే వరస. వంద చేతులు మారిన పుస్తకానికి మొదట ఊడేది అట్టే. రెండో పేజీ నుంచి మొదలైన కథను పదేళ్ల పిల్లవాడు అన్నం కంచం ముందు పెట్టుకుని చదివేస్తాడు. రచయిత పేరుతో వాడికి పనేముంది? నవ్వొచ్చిన చోటు మాత్రం మనసులో ఉండిపోతుంది.

బొమ్మలు కూడా అలాగే ఉండిపోతాయి. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' 1950లలో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చింది. ఆ పేరు మరిచిపోయినవాడు కూడా బాపు గీసిన ఆ నిక్కరు పిల్లవాణ్ని చూడగానే గుర్తుపడతాడు. సీగానపెసూనాంబను, రెండు జెళ్ల సీతను చూపిస్తే ఇక చెప్పనక్కర్లేదు. అయినా మన గ్రంథాలయాల కేటలాగుల్లో బొమ్మలు వేసినవారి పేరు ఉండటం చాలా తక్కువ. పాత్రల పేర్ల ప్రసక్తే లేదు. పాఠకుడికి గుర్తున్నదేదో కేటలాగులో లేదు, కేటలాగులో ఉన్నదేదో పాఠకుడికి గుర్తులేదు.

సంగతి తేలిందనుకున్న చోట కూడా ఒక్కోసారి తేలదు. పరమానందయ్య శిష్యులనే తీసుకోండి. ఇలాంటి తెలివితక్కువ శిష్యుల కథలనే పద్దెనిమిదో శతాబ్దంలో తమిళదేశంలో ఉన్న ఇటలీ మతగురువు బెస్కీ 'పరమార్థ గురువు' పేరుతో తమిళంలో రాశాడు. ఇంగ్లీషు అనువాదంతో కలిపి ఆ పుస్తకం 1822లో లండన్‌లో అచ్చయింది. తెలుగులో ఈ శిష్యులు చవక పుస్తకాల్లోనూ పిల్లల పత్రికల్లోనూ తిరిగి, 1966లో ఎన్టీ రామారావు సినిమాలోకీ ఎక్కారు. వెతికేవాడు చిన్నప్పుడు చదివింది ఇందులో ఏది? ఏ ఊరి అచ్చు? కథ దొరికినా తన పుస్తకం దొరకలేదంటాడతను. అది చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. హాస్యం ఎక్కువగా చెప్పే తీరులోనే ఉంటుంది, ఆ తీరు అచ్చు అచ్చుకూ మారిపోతుంది.

ఆదరించేవాళ్లు ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి సోవియట్ పిల్లల పుస్తకాలే సాక్ష్యం. బంతిని కారు కింద పడేసి చూసిన చిన్నారి నాన్న గుర్తున్నాడా? జబ్బు చేసి మంచం పట్టిన కూతురికి తన చిన్నప్పటి అల్లరి చెప్పిన అలెగ్జాండర్ రాస్కిన్ కథలవి. మాస్కో నుంచి వచ్చిన ఇలాంటి పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా కొని చదివిన తరం ఒకటుంది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో ఆ రాక ఆగిపోయింది. అయినా ఆ పుస్తకాలు పూర్తిగా మాయం కాలేదు. అభిమానులు తమ దగ్గరున్న ప్రతులను స్కాన్ చేసి పంచుకున్నారు. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' వంటి సంస్థలు కొన్నిటిని మళ్లీ అచ్చువేశాయి. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకానికి దక్కిన ఈ భాగ్యం తెనాలిలోనో రాజమండ్రిలోనో అచ్చయిన హాస్య కథల సంపుటికి ఎందుకు దక్కకూడదు?

నమోదు చేసే విద్య మనకు కొత్తదేం కాదు. 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం కింద మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి పుస్తకాల జాబితా ప్రకటించేది. పుస్తకం పేరు, భాష, రచయిత, అచ్చయిన చోటు, పేజీలు, వేసిన ప్రతులు, చివరికి ధర కూడా అందులో ఉండేవి. తెల్లదొర ఈ లెక్కలు రాయించింది మన సాహిత్యం మీద మక్కువతో కాదు, ఎవరేం రాస్తున్నారో కనిపెట్టి ఉండటానికి. ఉద్దేశం ఏదైనా ఆ జాబితాలు ఇవాళ పరిశోధకులకు పెద్ద ఆసరా. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో చేసిన చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి కొత్త పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరా సహా మరి మూడు గ్రంథాలయాలకూ తన ఖర్చుతో పంపాలి. పంపకపోతే జరిమానా 50 రూపాయల దాకా, దానికి తోడు పుస్తకం విలువ. ఆ మాత్రం జరిమానాకు భయపడి పోస్టాఫీసుకు వెళ్లే ప్రచురణకర్త ఎక్కడ ఉంటాడు?

కంప్యూటర్ కాలంలోనైనా పని సులువు కావాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. అది నిజంగా మేలు చేసిన పని. కానీ వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. తెలుగులో వెతికితే ఆ పుస్తకాలు కనిపించవు, ఇంగ్లీషులో వెతికితే ఏ స్పెల్లింగు కొట్టాలో తెలియదు. పుస్తకం బతికే ఉంది, చిరునామాయే తప్పు పడింది.

ఇంకో అడ్డంకి హక్కులది. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1946లో కన్నుమూసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గణపతి'ని ఇవాళ ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. మొక్కపాటి, 'కాంతం' కథల మునిమాణిక్యం ఇద్దరూ 1973లోనే పోయారు కాబట్టి వారి రచనల మీద 2033 చివరిదాకా హక్కులుంటాయి. ఇలాంటి పెద్దల పుస్తకాలకు వారసులూ ఉంటారు, ప్రచురణకర్తలూ ఉంటారు. నలిగిపోయేది వారపత్రికలో పాతిక కథలు రాసి ఒకే ఒక్క సంపుటి వేసుకుని వెళ్లిపోయిన గుమాస్తా రచయిత. ఆయన ఎప్పుడు పోయారో, పిల్లలెక్కడున్నారో తెలియదు. కాపీరైటు చట్టంలోని 31ఎ సెక్షను ఇలాంటి రచనల కోసమే ఉంది. హక్కుదారు ఆచూకీ దొరకనప్పుడు పత్రికా ప్రకటన ఇచ్చి, నిర్ణయించిన రాయల్టీ జమచేసి ప్రచురణకు లైసెన్సు పొందవచ్చు. అయితే పలచని హాస్య కథల పుస్తకం కోసం చిన్న ప్రచురణకర్త అంత తతంగానికి దిగడు. ఆ భారం ఎత్తుకోవలసింది రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, అకాడమీలు.

పాత హాస్యాన్ని తవ్వి తీస్తే ఇవాళ ఇబ్బంది పెట్టేవీ బయటపడతాయని కొందరి శంక. నిజమే. నత్తి మీద, నలుపు మీద, కులం మీద, పెళ్లాం మీద వేసిన జోకులు ఆ పేజీల్లో బోలెడు. అప్పట్లో నవ్విన పిల్లవాడే ఇప్పుడు మనవరాలికి చదివి వినిపించబోయి మధ్యలో ఆగిపోతాడు. అందుకని దాచేయడం పరిష్కారం కాదు. ఆ రోజుల్లో జనం ఎవరిని చూసి నవ్వారో తెలుసుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. ముందుమాటలో ఆ సంగతి దాపరికం లేకుండా రాసి అచ్చువేస్తే చాలు. పైగా అందులో మరో పక్షమూ కనిపిస్తుంది. మునిమాణిక్యం కథల్లో కాంతం మొగుడి చేత మాటలు పడే ఇల్లాలు కాదు, పంతులుగారిని ఆటపట్టించి నోరు మూయించే ఇల్లాలు.

ఇదంతా డబ్బులేక ఆగిన పని కూడా కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద జనం కడుతూనే ఉన్నారు. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. అందులో కొంత భాగంతో తెలుగు లిపిలో ఒక ఉమ్మడి కేటలాగు తయారు చేయవచ్చు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, 1901 నాటి హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వీటి బీరువాల్లో ఉన్నదంతా ఒక్కచోట వెతికే వీలుండాలి. ప్రతి హాస్య రచనకూ రచయిత పేరుతో పాటు బొమ్మలు వేసినవారెవరు, ముఖ్య పాత్రలెవరు, ముందు ఏ పత్రికలో వచ్చింది, కథ ఏమిటి అన్నవి నాలుగు వాక్యాల్లో చేర్చాలి. ఎం.ఏ. తెలుగు విద్యార్థులకు ఇది ప్రాజెక్టుగా ఇస్తే చదివినట్టూ ఉంటుంది, పని జరిగినట్టూ ఉంటుంది.

అంతదాకా ఆగకుండా చేయగలిగిందీ ఒకటుంది. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక రిజిస్టరు పెట్టి, వచ్చినవాళ్లు తమకు గుర్తున్న సన్నివేశం, సుమారు ఏ ఏడు చదివారు, ఏ ఊళ్లో చదివారు రాయమనాలి. అరవై దాటిన పాఠకులు పొద్దున్నే పేపరు కోసం అక్కడికి ఎలాగూ వస్తారు. గొడుగు పోగొట్టుకున్న మాస్టారి కథ చదివినవారు వారిలో ఒకరిద్దరైనా ఉండకపోరు. వాళ్లు చెప్పిన పేరును అదే పేజీలో ఎర్రసిరాతో రాసి, నెలకోసారి మిగతా జిల్లాలకు పంపాలి.