ఇంజను మారింది, మరి బ్రేకో?

"అమ్మకానికి కలదు. 1955 మోడల్ షెవ్రొలే బెల్ ఎయిర్, నాలుగు తలుపుల సెడాన్. ఆరు సిలిండర్ల పాత ఇంజను తీసి 350 వి-8 అమర్చడమైనది. రంగు కొత్తది. సీట్లు కొత్తవి."

అమెరికాలో ఎవరో ఇచ్చుకున్న యీ ప్రకటనను మా హాస్టల్ మిత్రుడొకడు ఫోనులో చూపించాడు. అంతే, గదిలో రెండు పార్టీలు లేచాయి. "అసలు ఇంజను పోయాక అదింకా పాత కారేమిటి? తాతగారి ఫోటోకి మనవడి తల అతికించినట్టు!" అని ఒకరు. "షెడ్డులో తుప్పు పట్టడం కంటే కొత్త ఇంజనుతో రోడ్డెక్కడం నయం కాదూ?" అని ఇంకొకరు.

చట్టం మొదటి పార్టీ వైపే వుంది. 2021లో మన కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఇంజనూ ఛాసిస్సూ మారకుండా వున్న బండికే 'వింటేజ్' గౌరవం. అయినా నా ఓటు రెండో పార్టీకే. మనందరికీ తెలిసిన అంబాసిడర్ సంగతి చూడండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒళ్లు అలాగే వుంచుకుని, 1992లో 1.8 లీటర్ల ఇసుజు ఇంజను పెట్టుకుంది. 2014లో తయారీ ఆగేదాకా మన ఆఫీసర్లనీ, పెళ్లికొడుకుల్నీ మోసింది. దాన్ని అంబాసిడర్ కాదని ఎవరన్నారు? రైతు యింట్లో పుట్టినవాణ్ణి. నూతి దగ్గర ఆయిల్ ఇంజను చెడిపోతే ఇంకోటి బిగిస్తాం గాని నుయ్యి పూడ్చుకోం కదా!

కాని, నా బాధ వేరు. ఆ ప్రకటన మూడుసార్లు చదివాను. రంగు గురించి వుంది, సీట్ల గురించి వుంది. బ్రేకుల గురించి ఒక్క ముక్క లేదు. రెండు పార్టీల వాళ్లూ అదేమిటని అడగలేదు.

నాకెందుకు తట్టిందంటే, మా చిన్నాన్న కుంటుతూ నడుస్తాడు గనక.

ఆయన ఆరేళ్ల కిందట ఇంజను మార్చిన పాత జీపొకటి కొన్నాడు. "ఘాటీ ఎక్కడంలో దీనికి సాటి లేదు బావూ!" అన్నాడు అమ్మినవాడు. అబద్ధం కాదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు దాకా గుర్రంలా ఎక్కేది. దిగినప్పుడే వచ్చింది చిక్కు. అల్లం బస్తాలతో దిగుతుంటే సగం దారిలో పెడలు కిందికంటా పోయింది. లోయ వైపు పోకుండా కొండగట్టుకి గుద్దించేడు గనక ప్రాణం దక్కింది. కాలు విరిగింది. ఆ యేడు రెండిళ్ల ఊడ్పులూ నాన్న ఒక్కడే చూసుకున్నాడు. ఆస్పత్రి వరండాలో నాన్న అన్న మాట యిది: "ఒరే, మనం పరుగు కొన్నాం గాని, ఆపడం కొన్లేదురా."

తర్వాత ఫిజిక్సు క్లాసులో ఆ మాటకి లెక్క దొరికింది. వేగం రెట్టింపయితే బండిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 80తో పోతే, ఆపడానికి బ్రేకు నాలుగింతల పని చెయ్యాలి. దిగుడులో యింకా కష్టం. టన్నున్నర బరువున్న బండి 800 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగిందనుకోండి. పుట్టే వేడితో సుమారు 40 లీటర్ల చన్నీళ్లు మరిగించవచ్చు. ఆ వేడంతా చక్రాల దగ్గరే! డ్రమ్ము వ్యాకోచించి షూలకి ఎడమవుతుంది, లైనింగు పట్టు జారుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. అప్పుడు కొంత భారం ఇంజను మీద పడుతుంది.

ఆ 1955 బెల్ ఎయిర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. ఆయిలు గొట్టాల వరుస ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోయినట్టే. అప్పటి ఆరు సిలిండర్ల ఇంజను సుమారు 3.9 లీటర్లు. యిప్పుడు పెట్టింది 5.7 లీటర్లు. గుండె మార్చినవాడు ముందు చక్రాలకి డిస్కులూ, రెండు వరుసల మాస్టర్ సిలిండరూ పెట్టించాడా? పెట్టిస్తే ప్రకటనలో మొదట రాయవలసింది అదే. పెట్టించకపోతే అది కారు కాదు, అందంగా రంగు వేసిన ప్రమాదం.

కాబట్టి నా అభిప్రాయం యిది: ఇంజను మార్చడం తప్పు కాదు, ఒక్క ఇంజనే మార్చి వూరుకోవడం తప్పు. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇలాంటి మార్పులకు రిజిస్ట్రేషన్ అధికారుల అనుమతి కావాలి. దాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పే పీడగా చూస్తున్నాం. నిజానికి "దీన్ని ఆపగలవా?" అని నలుగురి తరఫున అడిగే ప్రశ్న అది.

మిత్రులారా! అమెరికా కారు మనమెవరమూ కొనబోవడం లేదు. కాని సెలవులకి బైకుల మీద అరకు వెళ్లేవాళ్లు మనలో ఎందరో. సైలెన్సరు మార్చినవాళ్లున్నారు, పికప్ పెంచినవాళ్లున్నారు. బ్రేకు లైనింగు మార్పించానని గర్వంగా చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పాత బండి కొనేటప్పుడు అందరూ బానెట్టు ఎత్తి చూస్తారు. ఒకసారి వంగి, చక్రం వెనకాల కూడా చూడండి.