శుక్లం ముదిరేదాకా ఆగొద్దు!

''ఇంకా ముదరలేదట... వరికోతలయ్యాక చూద్దాంలే!''

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పల్లెల్లో కంటి ఆపరేషన్ మాటెత్తితే పెద్దవాళ్లు తరచూ చెప్పే జవాబిది. 2018లో, మళ్లీ 2023లో కంటివెలుగు శిబిరాలు ఊళ్లకే వచ్చాయి. శుక్లం ఉందని తెలిసీ వాయిదా వేసుకున్న నాయనమ్మో తాతో మీ ఇంట్లోనూ ఉన్నారా? అయితే ఇది మీ కోసమే.

శుక్లం ముదిరితే ఇబ్బంది చూపుకే కాదు, కార్నియాకి కూడా. కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శక పొర. దాని లోపలివైపు ఒకే వరుసలో కణాలుంటాయి. కార్నియాలోకి ఊరే నీటిని ఎప్పటికప్పుడు తోడిపోయడం వీటి పని. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 ఉంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. పక్కనున్నవే సాగి ఆ ఖాళీని కప్పుతాయి. ఏ 500కో పడిపోయాయంటే కార్నియా నీరుపట్టి ఉబ్బుతుంది. చూపు మసకబారుతుంది. నీటిపొక్కులు లేచి మంట, నొప్పి మొదలవుతాయి.

ఆపరేషన్‌తో సంబంధమేంటి?

ఫేకో పద్ధతిలో శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేస్తారు. ఇదంతా ఆ కణాలకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే! అందుకే రక్షణగా జెల్ నింపుతారు. అయినా కొన్ని కణాలు పోతాయి. ఆరోగ్యంగా ఉన్న కంటికి అదో లెక్క కాదు. కానీ శుక్లం గోధుమరంగుకు తిరిగి గట్టిపడితే ఎక్కువ శక్తి వాడాలి. నష్టమూ ఎక్కువే. అలాంటప్పుడు అల్ట్రాసౌండ్ లేకుండా, చిన్న కోతతో శుక్లాన్ని బయటికి తీసే పద్ధతిని చాలామంది వైద్యులు ఎంచుకుంటారు. 'ముదరాలి' అన్నది పాత పద్ధతుల నాటి మాట.

డాక్టరుకి ముందే చెప్పండి

పొద్దున లేవగానే మసగ్గా ఉండి, మధ్యాహ్నానికి తేటపడుతోందా? ఆ కణాలు తగ్గాయనడానికి అది గుర్తు కావచ్చు. వడ్లగింజో, ఊకో తగిలి గాయమైందా? అదే కంటికి లోగడ ఆపరేషన్ జరిగిందా? షుగరుందా? ఇవన్నీ దాచకుండా చెప్పండి. అవసరమైతే స్పెక్యులర్ మైక్రోస్కోపీతో కణాలు లెక్కిస్తారు. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది.

ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులు కాస్త మసక సహజమే. అది రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతున్నా, ఎరుపు, నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

కణాలు మరీ తగ్గిపోతే కార్నియా మార్పిడే మార్గం. ఇప్పుడు లోపలి పొరను మాత్రమే మార్చే ఆపరేషన్లూ వచ్చాయి. కానీ దానికి ఎవరో ఒకరు నేత్రదానం చేయాల్సిందే.

కోతలు ఏటా వస్తాయి, ఆ కణాలు మళ్లీ రావు. 'పొద్దున లేవగానే ఎలా కనిపిస్తోంది?' అని ఇవాళే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.