మూడు వేల కిలోమీటర్లకి పార్టీ రంగెందుకు?

సింగపూర్ చాంగీ నుంచి గన్నవరానికి ఆకాశమార్గాన సుమారు 3,050 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి నాలుగు గంటల పని. 2018లో ఎంత దూరమో 2019లోనూ అంతే. మారిందల్లా మన ప్రయాణకాలం.

2018 డిసెంబరులో ఇండిగో నేరుగా నడపడం మొదలుపెట్టింది. సీట్లు నిండకపోతే లోటు రాష్ట్ర ప్రభుత్వం భరించేట్టు ఒప్పందం. మర్నాటి నుంచీ మనవాళ్ళలో ఒక వర్గం "చూశారా మా నాయకుడి విజన్" అని, ఇంకో వర్గం "జనం సొమ్ముతో సాఫ్ట్‌వేర్ బాబులకి సోకు" అని మొదలెట్టారు. 2019 మే నెలాఖరున ప్రభుత్వం మారింది. జూన్‌తో విమానం ఆగింది. ఎన్నికల అవతలికి నిలబడే ఏర్పాటు పాతవాళ్ళు చెయ్యలేదు, కొత్తవాళ్ళు నిలబెట్టలేదు. మళ్ళీ మొదలయ్యింది 2025 నవంబరు 15న. మధ్యలో ఆరేళ్ళు (అందులో కరోనా వాటా కొంత, ఒప్పుకుంటాను).

ఆ ఆరేళ్ళూ ఎలా వెళ్ళామో మర్చిపోయారా? చెన్నైలోనో హైదరాబాద్‌లోనో అర్ధరాత్రి దిగడం, ఇమ్మిగ్రేషన్ లైను, పెట్టెల కోసం పడిగాపులు, కస్టమ్స్, అవే పెట్టెలు ఈడ్చుకెళ్ళి డొమెస్టిక్ కౌంటర్లో మళ్ళీ అప్పగించడం, తెల్లారేదాకా కుర్చీలో కునుకు. నాలుగు గంటలది పది, పన్నెండు అయ్యేది. మనలాంటివాళ్ళకి అది విసుగు, అంతే. వీల్‌చైర్లో ఉన్న అమ్మకి అది నరకం. "నాన్నకి బాగోలేదు, వెంటనే బయల్దేరు" అని ఫోనొచ్చిన వాడికి ఆ ఎనిమిది గంటల తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

విశాఖ సంగతి చూడండి. సింగపూర్ నుంచి అక్కడికి సిల్క్ ఎయిర్ నడిపేది, 2019లో స్కూట్ తీసుకుంది. కరోనా రోజులు తప్పిస్తే, ఎవరు ముఖ్యమంత్రి అయినా అది నడుస్తూనే వచ్చింది. దాన్ని ఎవరూ మా ఘనత అని డప్పు కొట్టుకోలేదు. అందుకే బతికిపోయిందేమో!

జనం సొమ్ము మనకెందుకు పెట్టాలి అన్నవాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. పల్లెకి బస్సు లేని చోట మనకి విమానం రాయితీయా అంటే జవాబు చెప్పడం కష్టమే. అలాంటప్పుడు లెక్క బయట పెట్టమనండి. నెలకి ఎన్ని సీట్లు నిండాయి, ఖజానా నుంచి ఎంత పోయింది, ఎన్నాళ్ళలో సాయం లేకుండా నడుస్తుంది? అప్పుడు మూసినా, ఉంచినా, కారణం అందరికీ తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం పెట్టినప్పుడు ఫొటోలు, తీసేసినప్పుడు మౌనం.

మనమేమన్నా తక్కువ తిన్నామా? డైరెక్ట్ ఫ్లైట్ కావాలని సంతకాలు సేకరించిన మిత్రుడే యాభై డాలర్లు తక్కువని సంక్రాంతికి చెన్నై మీదుగా వెళ్తాడు. సీట్లు ఖాళీగా పోతే ఏ కంపెనీ అయినా ఎన్నాళ్ళు నడుపుతుంది?

మన నాయకులెవరో ఒకరు ఇక్కడికి మళ్ళీ వస్తారు. సభ పెడతాం, శాలువాలు సిద్ధం చేస్తాం. కప్పే ముందు, ఆయన ఏ పార్టీ వాడైనా సరే, ఒక్కటి అడుగుదాం: 2029 ఎన్నికల తర్వాత కూడా ఈ విమానం ఎగురుతుందనడానికి కాగితం మీద ఏముంది?